వడిగల కంపైలరు: ఒక సమీక్ష

సారంగపాణి పదములచేత సాహిత్యలోకమున పేరొందిన కార్వేటినగరమునుండి పుత్తూరు, తిరుపతి, చిత్తూరుల కళాశాలలకు బస్సెక్కి పోవు విద్యార్థులును, చదువు ముగించి యింటిపట్టుననే యుండి దూరనగరముల సంస్థలకు ప్రోగ్రాములు వ్రాసి పంపు యువకులును తరచుగా నడుగు ప్రశ్న యొకటి కలదు: సొంత కంప్యూటరుపై పనిచేయువానికి వేగముగల కంపైలరు ఏది? ఈ ప్రశ్నకు ఒక్క పేరుతో సమాధానము చెప్పువారు పెక్కుమంది కలరు గాని, ఆ పేరు చెప్పువాని వయస్సునుబట్టియు, చదివిన కళాశాలనుబట్టియు మారుచుండును. నలువది దాటినవాడు టర్బో సీ యనును. ముప్పదులలోనివాడు జీసీసీ యనును. నిన్నమొన్న పట్టా పుచ్చుకొన్నవాడు క్లాంగ్ అనియో, గో అనియో చెప్పును. వీరిలో నెవ్వరును అసత్యము పలుకుట లేదు. వీరందరును ఒకే వేగమును గూర్చి మాటలాడుటయు లేదు. కావున ముందుగా ఆ వేగములను వేరుపరచి, ఏడు దశాబ్దములుగా కంపైలరు నిర్మాతలు వానిని సాధించిన మార్గములను పరిశీలించి, పిమ్మట మన ప్రాంతపు సాధారణ యంత్రముపై సాధారణ ప్రోగ్రామరునకు ఏది తగునో నిర్ణయించుట యుక్తము.

కంపైలరనగా మనుష్యుడు వ్రాసిన మూలప్రోగ్రామును చదివి, దానిని ప్రాసెసరు నేరుగా నమలుపరుపగల యంత్రాదేశములుగా మార్చు మరియొక ప్రోగ్రాము. ఇందు కాలము రెండుచోట్ల వ్యయమగుచున్నది: ఆ మార్పు జరుగునపుడు పట్టునది మొదటిది, మారిన ప్రోగ్రాము నడచునపుడు పట్టునది రెండవది. నగరి మరమగ్గముల నెరిగినవారికి ఈ భేదము సుబోధము. పడుగు సిద్ధపరచుటకు పట్టు కాలము వేరు, మగ్గమాడునపుడు పట్టు కాలము వేరు. రెండు గజముల గుడ్డకై దినమంతయు పడుగు సవరించుచు కూర్చుండువాడును, వేయి గజముల నేతకు అశ్రద్ధగా పడుగు తీసి అడుగడుగున దారములు తెగుచుండగా నేయువాడును సమానముగా నష్టపోవుదురు. కంపైలరు విషయమున ఈ రెండు కాలములును తరచు పరస్పరవిరుద్ధములు. ఏ విలువను ప్రాసెసరులోని రిజిస్టరునందుంచవలెను, ఏ లెక్కను లూపునుండి వెలుపలికి తీయవలెను, ఏ ఫంక్షనును పిలిచినచోటనే విప్పి వ్రాయవలెను అను విచారణ యెంత లోతుగా సాగిన నంత చురుకైన ఆదేశములు లభించును. ఆ విచారణకు పట్టు కాలమును, మెమొరీయు నంతగా పెరుగును.

చరిత్రలో మొదట గెలిచినది రెండవ కాలమే. 1957లో ఐబీయం 704 యంత్రముకొరకు జాన్ బ్యాకస్ నాయకత్వమున వెలువడిన ఫోర్ట్రాన్ కంపైలరు, చేతితో యంత్రాదేశములు వ్రాయు నిపుణుల పనితనముతో తులతూగవలెనను పట్టుదలతో నిర్మింపబడినది. ఏలయన, యంత్రపు గంట మనుష్యుని గంటకంటె మిక్కిలి వెలగలదైన ఆ దినములలో, తాపీగా నడచు ప్రోగ్రాములను తయారుచేయు కంపైలరును ఎవ్వరును ముట్టియుండరు. 1967లో హైదరాబాదున నెలకొని, 1969 నాటికి టీడీసీ-12 అను కంప్యూటరును తయారుచేసిన ఈసీఐఎల్ వంటి సంస్థల యంత్రములును ప్రయోగశాలలకును, కార్యాలయములకును చెందినవేగాని ఒక వ్యక్తి బల్లపై నుండదగినవి కావు. అనేకులు పంచుకొను యంత్రముపై ప్రోగ్రామరు నిరీక్షణ లెక్కలోనికి వచ్చెడిది కాదు.

ఈ దృష్టిని తారుమారు చేసినవారిలో స్విట్జర్లండు శాస్త్రజ్ఞుడు నిక్లాస్ విర్త్ ముఖ్యుడు. 1970లో ఆయన ప్రకటించిన పాస్కల్ భాషలో ప్రతి పేరును వాడుటకు ముందే ప్రకటింపవలెనను నియమము కలదు. విద్యార్థికి శిక్షణగా తోచు నీ నియమము నిజమునకు కంపైలరునకు మహోపకారము. మూలప్రోగ్రామును మొదటినుండి తుదివరకు ఒక్కసారి చదువుచునే యంత్రాదేశములను వ్రాసికొనిపోవుటకు అది వీలు కల్పించినది. విర్త్ పాటించిన కొలబద్ద మరింత గమనింపదగినది: కంపైలరులో క్రొత్తగా చేర్పదలచిన ఏ మెరుగైనను, ఆ కంపైలరు తన్ను తాను కంపైలు చేసికొను కాలమును తగ్గించినగాని ఆయన దానిని స్వీకరింపడు. తనకై తాను సంపాదించుకొనలేని మెరుగు ఇతరులకును భారమేయని దాని భావము. రెండు కాలములను ఒకే త్రాసులో తూచిన నిర్మాత అంతకుముందు అరుదు.

వ్యక్తిగత కంప్యూటరు వచ్చిన పిదప ఈ త్రాసు అత్యవసరమైనది. 1979లో లియోర్ జోల్మన్ 8080 ప్రాసెసరుగల సీపీయం యంత్రములకై వ్రాసిన బీడీఎస్ సీ, డిస్కుపై తాత్కాలిక దస్త్రములను వ్రాయుచు చదువుచు కాలము గడుపక మెమొరీలోనే పని ముగించుటచే ఆనాటి వారి నాకర్షించినది. 1983 నవంబరులో బోర్లాండ్ సంస్థ యాభై డాలర్లకు లోపుగా విక్రయించిన టర్బో పాస్కల్ ఆ మార్గమును పరాకాష్ఠకు చేర్చినది. అండర్స్ హైల్స్‌బర్గ్ అసెంబ్లీ భాషలో వ్రాసిన ఈ కంపైలరు ఎడిటరుతోగూడి యొకే చిన్న దస్త్రములో నిమిడియుండెను, తరువాతి 3.02 కూర్పులోసైతము ఆ దస్త్రము 39,731 బైట్లు మాత్రమే. దానికి పోటీగా నున్న కంపైలర్లు వందలకొలది డాలర్ల వెలతో, ఒక ఫ్లాపీ తీసి మరియొకటి పెట్టుచు, పలుమారులు మూలమును నడిపింపవలసినవై యుండగా, ఇది మీట నొక్కిన క్షణముననే పని ముగించి, మొదటి తప్పువద్ద ఆగి, ఎడిటరులో కర్సరును సరిగా ఆ తప్పుపై నిలిపెడిది. అది తయారుచేసిన ఆదేశములు అంత మెరుగైనవి కావు. ఒక్కొక్క ప్రోగ్రాము 64 కిలోబైట్ల పరిమితికి లోబడవలసి యుండెను. అయినను జనులు దానినే వరించిరి. ఏలయన ఒంటరిగా కూర్చుండి దినమున పదులసార్లు దిద్ది, పదులసార్లు నడుపుకొను మనుష్యుని కాలమును ఆ కంపైలరు గౌరవించినది.

సీ భాషలో ఈ పోటీ 1987లో తీవ్రమైనది. అంతకుముందు ఐబీయం పీసీపై లాటిస్ సీ ప్రసిద్ధము. మైక్రోసాఫ్టు మొదట విక్రయించిన సీ కంపైలరు దాని రూపాంతరమే. 1987లో బోర్లాండ్ టర్బో సీని, మైక్రోసాఫ్టు క్విక్ సీని విపణిలో దింపినవి. 1988లో వాల్టర్ బ్రైట్ రచించిన జోర్టెక్ సీ ప్లస్ ప్లస్, ఆ భాషను మొదట సీలోనికి మార్చి పిమ్మట కంపైలు చేయు దారి విడిచి, నేరుగా యంత్రాదేశములను ఇచ్చినది. వాట్కామ్ కంపైలరు రెండవ కాలమున ఘనత వహించినది. 386 ప్రాసెసరు శక్తిని పూర్తిగా వినియోగించుటచే ఆటలు వ్రాయువారు దాని నాశ్రయించిరి. 1993 నాటి డూమ్ ఆట దానితోనే తయారైనది. ఒకరు కంపైలు వేగమునకు, మరియొకరు నడకవేగమునకు ప్రాధాన్యమిచ్చి, ఇరువురును తమతమ కొనుగోలుదారులను సంపాదించుకొనిరి.

మన కళాశాలల కథ యిచ్చటనే మొదలగుచున్నది. 1990లో బోర్లాండ్ విడుదల చేసిన టర్బో సీ ప్లస్ ప్లస్, విశేషించి దాని 3.0 కూర్పు, ఆంధ్రదేశపు ఇంజనీరింగు కళాశాలల ప్రయోగశాలలలో ఒక తరమునకే కాక రెండు తరములకు గురుస్థానము వహించినది. నీలితెరపై పసుపుపచ్చని అక్షరములు, కంట్రోలు ఎఫ్9 నొక్కగానే ప్రత్యక్షమగు ఫలితము, క్షణములో పుట్టు బొమ్మల వలయములు — ఇవి వేలాది విద్యార్థులకు ప్రోగ్రామింగునందు తొలి రుచిని చూపినవి. కొద్దిపాటి మెమొరీగల యంత్రములున్న ఆ కాలమున దానిని మించిన సాధనము లేదనుట అతిశయోక్తి కాదు.

కాని కాలము మారినది, ప్రయోగశాల మారలేదు. అరువదినాలుగు బిట్ల విండోసు పదునారు బిట్ల ప్రోగ్రాములను నడుపదు. కావున నేటి యంత్రముపై డాస్‌బాక్స్ అను కృత్రిమ యంత్రమును సృష్టించి, అందులో టర్బోను నడుపవలసి వచ్చుచున్నది. అట్లు నడుపు విద్యార్థి నేర్చుకొనునది యేమి? అందు పూర్ణాంకము రెండు బైట్లది. 32,767 దాటిన విలువకు చోటు లేదు. ఎనిమిదవ ఫాక్టోరియలు 40,320 కాగా, సాధారణ పూర్ణాంకమున నిలిపిన టర్బో దానిని మైనస్ 25,216 అని ముద్రించును. అదే ప్రోగ్రాము నేటి జీసీసీలో సరియైన ఫలితము నిచ్చును. 1998లో స్థిరపడిన సీ ప్లస్ ప్లస్ ప్రమాణమునకు ముందే పుట్టుటచేత అందు నేమ్‌స్పేసులు లేవు, ప్రామాణిక గ్రంథాలయపు కంటెయినర్లు లేవు, బూలు రకము లేదు. క్లర్‌స్క్రీన్, గెట్‌క్యారెక్టర్ వంటి డాసు సౌకర్యములపై పెరిగిన విద్యార్థి ఉద్యోగమునకు బోయినచోట మొదటి వారమున చదివినది మరువవలసి వచ్చును. ఇక వేగమా, నేటి ప్రాసెసరుపై వంద పంక్తుల సీ అభ్యాసమును జీసీసీయు కనురెప్పపాటులో ముగించును. టర్బోకు నలువదేండ్లనాడు పేరు తెచ్చిన గుణమే నేడు దానిని సమర్థించు కారణముగా మిగులలేదు. దానిని నిలుపుచున్నది అలవాటు, పాఠ్యప్రణాళిక, అచ్చుపడిన ప్రయోగశాలా పుస్తకము.

జీసీసీ పుట్టుకయు 1987 నాటిదే. రిచర్డ్ స్టాల్మన్ స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు ఉద్యమములో భాగముగా ఆరంభించిన ఈ కంపైలరును ఎవడైనను వెలలేక పొందవచ్చును, చదువవచ్చును, మార్చుకొనవచ్చును. 1989లో డీజే డెలోరీ దానిని డాసు యంత్రములకు తెచ్చెను. హైదరాబాదు కేంద్రముగా స్వేచ్ఛ సంస్థ తెలుగులో రూపొందించిన లినక్సువంటి వ్యవస్థల ద్వారా అది మన విద్యార్థులకును అందినది. దీని విశేషము వేగపు మెట్లలో నున్నది. ఓ-సున్న యను మెట్టున అది ఆప్టిమైజేషను, అనగా పైజెప్పిన మెరుగుల విచారణ, దాదాపు చేయక శీఘ్రముగా పని ముగించును. ఓ-రెండున సమగ్రముగా విచారించును. ఓ-మూడున లూపులను విప్పుట, ఒకే ఆదేశముతో పలు విలువలను లెక్కించుట మొదలగు సాహసములకు దిగును. ఒకే కంపైలరు ప్రయోగదశకు ఒక రీతిని, తుది విడుదలకు మరియొక రీతిని నడచుకొనుటచే, రెండు కాలముల వైరము చాలవరకు శమించినది. చాలకాలము దానికున్న లోపము దురవగాహమైన తప్పుల ప్రకటన; 2013 నాటి 4.8 కూర్పునుండి తప్పున్న చోటును గుర్తుతో చూపుచు అదియు సరిదిద్దుకొన్నది.

ఆ దిద్దుబాటునకు ప్రేరణ క్లాంగ్ అనుట సత్యము. 2000లో ఇలినాయ్ విశ్వవిద్యాలయమున విక్రమ్ ఆద్వే పర్యవేక్షణమున క్రిస్ లాట్నర్ ఆరంభించిన ఎల్ఎల్‌వీఎం, కంపైలరును విడదీయరాని యొక్క ముద్దగా గాక, పలువురు పలురీతుల వాడుకొనగల గ్రంథాలయముగా రూపొందించినది; 2007లో దానిపై సీ కుటుంబ భాషలకై క్లాంగ్ బహిరంగమైనది. వెలువడిన క్రొత్తలో క్లాంగ్ జీసీసీకంటె శీఘ్రముగా కంపైలు చేయుచుండెను గాని, ఇరువురును ఒకరినిజూచి యొకరు పెరుగుటచే నేడు వ్యత్యాసము ప్రోగ్రామునుబట్టి మారుచున్నది. ఒకచోట నిది, ఒకచోట నది గెలుచును. విండోసు ప్రోగ్రాములే వ్రాయువానికి మైక్రోసాఫ్టువారి విజువల్ స్టూడియో సహజము. 2014నుండి కమ్యూనిటీ కూర్పు వ్యక్తులకు ఉచితముగా లభించుచున్నది. ఒకప్పుడు గణితప్రధాన ప్రోగ్రాములకు అగ్రగణ్యమైన ఇంటెలువారి కంపైలరు సైతము తన పాత యంత్రాంగమును విడిచి ఎల్ఎల్‌వీఎం పునాదిపై నిలిచినది.

కేవలము మొదటి కాలమునే పూజించిన నిర్మాతలును లేకపోలేదు. ఫ్రాన్సు దేశీయుడగు ఫాబ్రిస్ బెల్లార్ రచించిన టీసీసీ యను చిన్ని సీ కంపైలరు, ఆప్టిమైజేషనును దాదాపు త్యజించి, అసెంబ్లరును లింకరును తనలోనే యిముడ్చుకొని, జీసీసీకంటె అనేక రెట్లు వేగముగా కంపైలు చేయును. 2004లో బెల్లార్ దీనితో ఒక అద్భుతమును చూపెను: యంత్రమును ఆన్ చేయగానే లినక్సు కెర్నెలును మూలమునుండి కంపైలు చేసి, పిమ్మట దానినే నడుపు ఏర్పాటు, ఆనాటి పెంటియం 4పై ఆ కంపైలేషను పదునైదు సెకండ్లలో ముగిసినది. అట్లు తయారైన ఆదేశములు తాపీగా నడచును; అదియే మూల్యము. గూగులులో రాబర్ట్ గ్రీస్‌మర్, రాబ్ పైక్, కెన్ థాంప్సన్‌లు 2007లో తలపెట్టి 2009లో ప్రకటించిన గో భాష మరియొక మార్గము ననుసరించినది. వారు కంపైలరును త్వరపెట్టుటకు ముందు భాషనే సవరించిరి. వాడని దిగుమతి కనబడిన దానిని తప్పుగా నెంచిరి, చక్రాకారపు దిగుమతులను నిషేధించిరి. దీనికి వ్యతిరేకమైన ఉదాహరణము రస్టు భాష: మెమొరీ తప్పులను కంపైలు దశలోనే పట్టుకొను కఠినపరీక్షలును, ఎల్ఎల్‌వీఎంపై మోపు విస్తారమైన పనియు కలిసి ప్రోగ్రామరును నిరీక్షింపజేయును, బదులుగా నడకలో కలుగవలసిన ప్రమాదములను ముందే తప్పించును.

కంపైలరు నిందను మోయుచున్న ఆలస్యములో గణనీయభాగము దానిది కానేకాదు. సీ, సీ ప్లస్ ప్లస్ భాషలలో హెడరు దస్త్రములు ప్రతి మూలదస్త్రమునందును మొదటినుండి చదువబడును. సీ ప్లస్ ప్లస్‌లో ఒక్క అయోస్ట్రీము హెడరును చేర్చిన మాత్రముననే వేలకొలది పంక్తులు కంపైలరు ఎదుట నిలుచును. దీనికి విరుగుడుగా ముందే కంపైలు చేసిన హెడర్లును, 2020 ప్రమాణమునందలి మాడ్యూళ్ళును వచ్చినవి. మారిన దస్త్రములనే తిరిగి కంపైలు చేయించు మేక్ అను సాధనమును స్టువర్ట్ ఫెల్డ్‌మన్ 1976లోనే వ్రాసెను. ఒకసారి చేసిన ఫలితమును దాచి తిరిగి యందించు సీక్యాష్‌ను ఆండ్రూ ట్రిజెల్ రచించెను. అన్ని ముక్కలను కూర్చు లింకరు పెద్ద ప్రోగ్రాములలో మిక్కిలి కాలము మ్రింగును; 2021లో 1.0 కూర్పు వెలువడిన రుయి ఉయేయమా రచనయగు మోల్డ్ ఆ భారమును ఎంతయో తగ్గించినది. ఇవి యన్నియు నటుంచి, విండోసు యంత్రములపై ప్రతి క్రొత్త దస్త్రమును తడవి చూచు యాంటీవైరసును, తిరుగుడు పళ్ళెముల పాత హార్డు డిస్కును మరువరాదు. హార్డు డిస్కునకు బదులు ఎస్ఎస్‌డీని అమర్చుకొన్న విద్యార్థి కంపైలరు పేరు మార్చుకొన్న విద్యార్థికంటె ఎక్కువ లాభము పొందుట కద్దు.

కంపైలు దశలో ముందే శ్రమించి నడకలో సుఖపడుట యను సూత్రము కంపైలర్లకు పరిమితము కాదు. నాటి చిత్తూరు జిల్లాలో శ్రీకాళహస్తి సమీపమున నున్న కాటూరులో 1937లో జన్మించి, 1994లో ట్యూరింగు పురస్కారము నందుకొన్న రాజ్ రెడ్డి, కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమున సాగించిన వాక్పరిజ్ఞాన పరిశోధనలో హార్పీ యను వ్యవస్థ యొకటి కలదు. 1976లో బ్రూస్ లోవెర్ సిద్ధపరచిన దీనిలో ఉచ్చారణ, పదములు, వ్యాకరణము అను విభిన్న జ్ఞానములను ముందే కలిపి ఒకే జాలముగా కంపైలు చేసి యుంచిరి. పలికిన మాటను గుర్తించునపుడు ఆ జాలములో దారి వెదకుటయే శేషించును. వేయికి పైబడిన పదముల కోశమునుండి కూర్చిన వాక్యములను ఆనాటి యంత్రముపై గుర్తింపగలుగుటకు ఈ యుక్తియే ప్రధానకారణము. దీనికి ఎదురుగా 1999లో వెలువడిన జావా హాట్‌స్పాట్ యంత్రము, ఏ భాగము తరచు నడచుచున్నదో నడకలోనే గమనించి, ఆ భాగమును మాత్రమే గాఢముగా కంపైలు చేయును. పైథాను వాడువాడు నిరీక్షణ లేకయే ప్రోగ్రామును నడుపుకొని, దాని మూల్యమును నడకలో చెల్లించుకొనును.

ఇంతకును కంపైలరు ఎంత సాధింపగలదు? 1998లో టాడ్ ప్రోబ్‌స్టింగ్ విసరిన చమత్కారవాక్యమున కొంత సత్యము కలదు: యంత్రముల శక్తి పదునెనిమిది నెలల కొకమారు రెట్టింపగుచుండగా, కంపైలరు ఆప్టిమైజేషనువలన కలుగు లాభము పదునెనిమిదేండ్లకు గాని రెట్టింపు కాదని ఆయన లెక్క. ప్రోగ్రామరు ఎంచుకొను పద్ధతి అంతకంటె ముఖ్యము: లక్ష అంకములను బబుల్ సార్టుతో వరుసలో నిలుపుటకు సుమారు 500 కోట్ల పోలికలు అవసరము. మెర్జ్ సార్టునకు పదునేడు లక్షలు చాలును. మొదటి పద్ధతిని ఎంచుకొన్న ప్రోగ్రామరును ఏ కంపైలరును, ఏ ఓ-మూడును రక్షింపలేదు. అట్లని నిర్మాతల శ్రమను తేలికచేయరాదు. హైదరాబాదు ఐఐటీ పరిశోధకులు 2020లో ప్రకటించిన ఐఆర్‌టూవెక్ పద్ధతి, ఎల్ఎల్‌వీఎం మధ్యరూపమునందలి ప్రోగ్రామును సంఖ్యల వరుసగా మార్చి, ఏ ప్రోగ్రామునకు ఏ యంత్రము, ఏ మెరుగు తగునో యంత్రాభ్యసనముచే నిర్ణయించు మార్గమును చూపినది; అనుభవజ్ఞుడు ఊహచే చేయు నిర్ణయమును లెక్కచే చేయ యత్నించు ఈ మార్గమునకు మన నేలపైననే పునాది పడుట సంతోషకరము.

ఇక నిర్ణయము. పరీక్షించుటకు వాడవలసినది నీ ప్రోగ్రామే గాని ప్రకటనలలోని ప్రోగ్రాము కాదు; ఒకే మూలమును ఒకే యంత్రముపై పలుమారులు కంపైలు చేసి, పలుమారులు నడిపి, రెండు కాలములను వేరువేరుగ వ్రాసికొనవలెను. ఆ పని చేయువానికి ఫలితమిట్లు తేలును. సీ నేర్చుకొను విద్యార్థికి జీసీసీ, ఓ-సున్న మెట్టును ముఖ్యమైన హెచ్చరికలను చూపు వాల్ స్విచ్చియు సర్వోత్తమము. తప్పు ముందే తెలియుట కంపైలు కాలపు పొదుపుకంటె విలువైనది. మెమొరీ తక్కువైన పాత యంత్రము కలవాడు అభ్యాసములకు టీసీసీని వాడి, తుదకు జీసీసీతో సరిచూచుకొనవచ్చును. పెద్ద సీ ప్లస్ ప్లస్ ప్రోగ్రాములపై పనిచేయువాడు క్లాంగును, సీక్యాషును, వడిగల లింకరును కూర్చుకొనవలెను. సర్వరు ప్రోగ్రాములు వ్రాయువానికి గో వలన నిరీక్షణ తగ్గును. గణితమునకు, బొమ్మలకు, ఆటలకు జీసీసీ లేక క్లాంగు ఓ-రెండు చాలును. ఓ-మూడు లాభించునో లేదో కొలిచి చూచిన పిదపనే అంగీకరింపవలెను.

టర్బో విషయమున మాత్రము మొగమాటము పనికిరాదు. దానికి చరిత్రలో గౌరవస్థానము కలదు. ప్రయోగశాలలో స్థానము లేదు. కళాశాల గోడల నడుమ క్రొత్త యంత్రములు కొనుటకు ధనము కావలెను, క్రొత్త ఉపాధ్యాయులను నియమించుటకు అనుమతులు కావలెను. కాని ప్రయోగశాలా పుస్తకమున మొదటి పుటలోనున్న కంపైలరు పేరును మార్చుటకు ఏమియు అక్కరలేదు. జీసీసీ ఉచితము, దానిని నడుపగల యంత్రము ప్రతి కళాశాలలోను సిద్ధముగా నున్నది, పాఠ్యాంశమగు సీ భాష ఎట్లును అదియే. కావున ఈ ప్రశ్నకు విద్యార్థికంటె ముందుగా సమాధానము చెప్పవలసినవారు పాఠ్యప్రణాళికలను తీర్చు పెద్దలు.